దొర జ్ఞానతల్లి

ఇబ్రహీంపట్నంలో రాంచంద్రారెడ్డి దొరకు దేవుడి మీద నమ్మకం కుదిరింది రజాకార్ల పుణ్యాన. అడిగినన్ని వడ్లు ఇవ్వలేదని వాళ్లకు కోపం. ఇన్నాళ్లూ వాళ్లకు ఇచ్చినందుకు, దొరల మీద తిరగబడ్డ సంఘంవాళ్లకు కోపం. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. తెల్ల ఫాదరు కట్టించిన మా పెంకుల గుడి జోలికి మాత్రం ఎవరూ రావడం లేదు. దొర అది కనిపెట్టాడు. ఏళ్ల తరబడి జపమాల తిప్పితే గాని మాకు రాని విశ్వాసం ఆయనకు ఒక్క పూటలో వచ్చేసింది.

“జ్ఞానస్నానానికి ఏడాది ఉపదేశం వినాలి. చావుబతుకుల్లో ఉన్నవాళ్లకైతే ఎవరైనా వెంటనే నీళ్లు పోయవచ్చు” అని చెప్పి ఫాదరు పట్నం వెళ్లాడు. మర్నాటికే దొర చావుబతుకుల్లో పడ్డాడు.

సిద్దమ్మకు కబురొచ్చింది. మా పేటలో పుట్టీపుట్టగానే ఊపిరందని పసికందులకు నీళ్లు పోసే మంత్రసాని ఆమె. కూతురు సుక్కమ్మ చిన్ననాటి నుంచీ దొర గడిలోనే వెట్టి చేస్తోంది. తిండి అక్కడే, పడక అక్కడే. బిడ్డను ఇంటికి తెచ్చుకోవడం తప్ప సిద్దమ్మకు ఈ లోకంలో వేరే కోరిక లేదు.

దొర మంచం మీద మూలుగుతున్నాడు. సిద్దమ్మ నాడి పట్టి చూసింది. దున్నపోతుకు కూడా అంత నిబ్బరంగా కొట్టుకోదు. అయినా ముఖం మార్చకుండా, వాకిట్లో జనమంతా వింటుండగా అడగవలసినవి అడిగింది.

“దేవుని సంఘాన్ని ఏం అడుగుతున్నవ్ దొరా?”

“విశ్వాసం.”

“విశ్వాసం నీకేమిస్తది?”

“నిత్యజీవం” అన్నాడు దొర, వీధి వైపు చూస్తూ.

“సైతాన్ను ఇడిసిపెట్టినవా?”

“ఇడిసిపెట్టిన.”

“వాని పనులను?”

“ఇడిసిపెట్టిన. జల్ది పొయ్యే!”

“నా బిడ్డను?”

దొర ఒక కన్ను తెరిచాడు. ఆ ప్రశ్న ఉపదేశంలో ఉందో లేదో ఆయనకు తెలియదు. ఏడాది విని ఉంటే తెలిసేది. పైగా చచ్చేవాడు అంతమంది ముందు బేరమాడితే బాగుండదు.

“ఇడిసిపెట్టిన” అన్నాడు.

సిద్దమ్మ నీళ్లు పోసి లాజరు అని పేరు పెట్టింది. ఇంకెవరూ లేరు కనుక జ్ఞానతల్లి కూడా ఆమే. సుక్కమ్మ తల్లి వెంట ఇంటికి వచ్చింది. గడి తలుపుకు సిలువ ఎక్కింది. దొర లేచి కూర్చుని మాంసం తిన్నాడు.

వానాకాలం పోకముందే యూనియన్ సైన్యం వచ్చింది. ఏ ఎండకా గొడుగు పట్టడం దొరకు ఒకరు నేర్పాలా? తలుపు మీది సిలువ దిగింది, నెత్తికి కాంగ్రెసు తెల్ల టోపీ ఎక్కింది. జ్ఞానస్నానం తీసేయమని ఫాదరును అడిగితే, ఆ ముద్ర నరకానికి పోయినా చెరగదన్నాడు. దొర ఆ కోపమంతా మనసులో పెట్టుకుని, సుక్కమ్మను మళ్లీ గడికి పంపమని సిద్దమ్మకు కబురు చేశాడు.

సిద్దమ్మ తానే వెళ్లింది. పట్నం నుంచి వచ్చిన ఆఫీసర్లతో, బంధువులైన రెడ్లతో దొర బంతిలో కూర్చుని ఉన్నాడు.

“కొడకా లాజరూ! గుడికి వస్తనే లేవు, పానం మంచిగుందా?” అంది సిద్దమ్మ గడప దగ్గర నిలబడి.

బంతిలో చేతులన్నీ ఆగిపోయాయి. “ఎవరీమె?” అన్నాడొక ఆఫీసరు.

“నీళ్లు పోసిన తల్లిని అయ్యా. పిలగాడు విశ్వాసంల జర పచ్చిగున్నడు. సుక్కమ్మను రమ్మన్నడు గద, నేను గూడ దాని ఎంబడి దినాం వచ్చి జపం నేర్పిపోత.”

ఆమె వేళాకోళమాడలేదు. జ్ఞానబిడ్డ ఆత్మకు తాను జవాబు చెప్పుకోవాలని ఆమె నిజంగానే నమ్మింది. దొర మాత్రం బంధువుల ముఖాలు చూసి ఎంగిలి చేత్తోనే లేచాడు.

“వద్దు! నువ్వు వద్దు, నీ బిడ్డ వద్దు! ఇద్దరూ ఈ గడప తొక్కద్దు!” అని అరిచాడు.

అలా సుక్కమ్మకు వెట్టి తీరింది. ఆ సాయంత్రం తల్లి దొర పేరున పరలోక జపం చెబుతుంటే ఆ పిల్లకు భయం వేసింది.

“అవ్వా, నిత్యజీవంల గూడ దొర ఉంటడా?”

“ఉంటడు బిడ్డా. పోసింది నేనే గద, ఏం జేస్త” అంది సిద్దమ్మ. “గని ఆడ గడి ఉండదు.”