బోర్డు మీద రెండో లైను

జిరాక్స్ కొట్టు ముందు ఒక నల్లబోర్డు ఉంది. మూడేళ్ళుగా ఉంది. పైన తెల్ల పెయింటుతో "మన ప్రభుత్వాలు చేసిన అప్పులో తలకెంత" అని రాయించి, కింద ప్రతి నెలా పదో తారీఖున సుద్దముక్కతో ఒక అంకె వేస్తుంది కొట్టు నడిపే ఆవిడ. వీధంతా ఆవిణ్ని జిరాక్సక్క అంటుంది. చదివింది పదో క్లాసు. ఎవడో పరీక్షలకని బడ్జెట్ పుస్తకం కాపీ తీయమని ఇచ్చి, తీసుకోవడానికి రాకుండా పోయాడు. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో ఆ కాగితాలు ముందేసుకుంది. మొదట్లో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఎక్కాక ఇక కుదురుగా కూర్చోలేక, ప్రభుత్వాలు నెల నెలా బయటపెట్టే లెక్కలు కూడా తీసి చూడటం మొదలుపెట్టింది. బోర్డు అలా పుట్టింది.

వీధిలో మనుషులు రెండే రకాలు. పాతవాళ్ళ వైపు, కొత్తవాళ్ళ వైపు. టీ కొట్లు కూడా రెండే, ఒకళ్ళ టీ ఇంకొకళ్ళు తాగరు. పాతవాళ్ళు గద్దె మీద ఉన్నప్పుడు వాళ్ళ మనిషి ఒకడు బోర్డుకి బురద పూసి పోయాడు. కొత్తవాళ్ళు వచ్చి కడిగి, ముందు అద్దం తలుపు బిగించారు. ఎన్నికలైపోయాయి, గద్దె చేతులు మారింది, అంకె మాత్రం ఎక్కుతూనే ఉంది. దాంతో అద్దం బిగించినవాళ్ళే రాయేసి దాన్ని పగలగొట్టారు. బురద పూసినవాడేమో ప్రతి నెలా వచ్చి బోర్డుకి ఫోటో తీసుకుంటున్నాడు. బోర్డు అదే, చేతిరాత అదే. మారింది ఎవడికి మండాలన్నదే.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. జిరాక్సక్కకి నవ్వు రాని సంగతి ఎదురు కొట్లో ఉంది.

ఎదురుగా ఇనుప సామాను కొట్టు ఆవిడ సొంత తమ్ముడిది. మేకులాయన అంటారు. పాతవాళ్ళ మనిషి. పద్నాలుగు నెలల కింద, గద్దె చేతులు మారిన ఆ ఎన్నికలప్పుడే, వార్డుకి నిలబడ్డాడు. పోలింగుకి నాలుగు రోజుల ముందు రోడ్డు దాటి వచ్చి, "అక్కా, ఈ ఒక్క నెలా బోర్డు తుడిపెయ్యి" అన్నాడు. ఆవిడ తుడపనంది. లెక్క లెక్కే, తమ్ముడొచ్చాడని తగ్గదంది. మర్నాడు కొత్తవాళ్ళ కరపత్రం ఇంటింటికీ వచ్చింది. పైనే బోర్డు ఫోటో, లక్షా పద్దెనిమిది వేలు. తమ్ముడు నలభై ఒక్క ఓట్లతో పోయాడు.

అప్పట్నుంచీ మాటల్లేవు. అమ్మ నెల నెలా వంతులవారీగా ఇద్దరి దగ్గరా ఉంటుంది, అదీ పదో తారీఖునే మారుతుంది. సంచీ పట్టుకుని ముసలావిడ ఒక్కతే రోడ్డు దాటేది. ఈ గుమ్మంలో కూతురు, ఆ గుమ్మంలో కొడుకు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడకుండా నిలబడేవాళ్ళు.

"లారీలైనా నన్ను చూసి ఆగుతున్నాయి. మీకేం వచ్చిందిరా?" అని నడిరోడ్డు మీద నిలబడి తిట్టేదావిడ.

ఆ వార్డులో గెలిచినాయన పెద్ద పదవికి ఎగబాకడంతో సీటు ఖాళీ అయింది. ఈ ఆదివారం మళ్ళీ పోలింగు. మేకులాయన మళ్ళీ నిలబడ్డాడు. పోయిన వారం రోడ్డు దాటి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు వదిలి, కాసేపు మిషను వైపు చూసి, "అక్కా, వెయ్యి కాపీలు కావాలి" అన్నాడు.

పద్నాలుగు నెలల తర్వాత ఆ పిలుపు. ఆవిడ కాగితం చూడకుండానే మిషనులో పెట్టేసింది. తర్వాత చూసింది. బోర్డు ఫోటోనే. లక్షా ముప్ఫై ఒక్క వేల ఐదు వందలు. కింద, "ఇదీ కొత్తవాళ్ళ ఘనత" అని.

"డబ్బులొద్దులే. అన్నం తిని పో" అంది. తిన్నాడు. అమ్మే వాళ్ళ పక్కన కూర్చుని, మాట్లాడితే ఎక్కడ చెదిరిపోతుందోనన్నట్టు నోరు మూసుకుని ఇద్దరికీ వడ్డించింది.

ఇప్పుడు పదో తారీఖు వచ్చింది. పొద్దున్నే ట్రెజరీలో చేసి రిటైరైన పెద్దాయన పెన్షన్ కాగితాలు కాపీ తీయించుకోవడానికి వచ్చాడు. మిషను వేడెక్కేదాకా బెంచీ మీద కూర్చుని, ఆవిడ లెక్కల పుస్తకం తిరగేస్తున్నాడు.

"అమ్మా, పైన కేంద్ర ప్రభుత్వం అప్పు, ఇక్కడ మన రాష్ట్ర ప్రభుత్వం అప్పు, రెండూ కలిపి జనంతో భాగించావా?"

"అవును బాబాయిగారూ."

"పై వాళ్ళు బయట తెచ్చిన దాంట్లోంచి మన వాళ్ళకి కొంత అప్పిచ్చారు కదా. అది వాళ్ళ పద్దులోనూ ఉంటుంది, మన పద్దులోనూ ఉంటుంది. ఒకచోట తీసెయ్యాలి. తీశావా?"

ఆవిడ కాగితాలు మిషనులో పెట్టింది. కాపీలు చేతికిచ్చి, ఆయన వెళ్ళగానే షట్టరు సగం దించి పుస్తకం ముందేసుకుంది. తీయలేదు. మూడేళ్ళుగా ఒక్క నెల కూడా తీయలేదు. పేజీ పేజీ కూడి, ఎవరి సాయమూ లేకుండా తనంతట తాను నేర్చుకున్నానని రొమ్ము విరుచుకుంది చూడండి, అక్కడే పడింది దెబ్బ. అడగడానికి మనిషి ఉండి ఉంటే మొదటి నెలే దొరికేది. ఆవిడ అడగలేదు. ఈ వీధిలో లెక్క ఎవర్నడిగినా ముందు నువ్వే వైపు అంటారు.

మూడుసార్లు చేసింది. ఈ నెలది పాత పద్ధతిలో లక్షా ముప్ఫై రెండు వేల నాలుగు వందలు రావాలి. సరైనది లక్షా పదకొండు వేలు. తమ్ముడు ఓడిన నెలలో ఉండాల్సింది లక్షా పద్దెనిమిది కాదు. తొంభై ఎనిమిది వేల ఏడు వందలు. లక్ష లోపు. "లక్ష దాటింది" అనే కదా అప్పుడు ఊరంతా అరిచింది. నలభై ఒక్క ఓట్లు.

పుస్తకం మూసింది. లేచింది, కూర్చుంది, మంచినీళ్ళు తాగింది, గ్లాసు ఎక్కడ పెట్టిందో మళ్ళీ వెతుక్కుంది.

"ఏమే, ఆ తిరుగుడేమిటి? పిల్లిలా" అంది అమ్మ, కొట్టు వెనక గదిలో సంచీలో చీరలు మడిచి పెట్టుకుంటూ.

"తప్పు రాశానమ్మా. వాడు ఓడింది నా తప్పు లెక్క మీద."

"అయితే చెప్పెయ్."

"చెబితే ఇప్పుడు మళ్ళీ ఓడతాడు. సాయంత్రం మీటింగు. వెయ్యి కాపీలూ నేనే కొట్టిచ్చాను."

అమ్మ చీర మడత ఆపింది. "వాడు మొన్న మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు" అని మాత్రం అంది.

మధ్యాహ్నం రెండింటికి జిరాక్సక్క తడిగుడ్డ తీసుకుని బోర్డు తుడిచింది. మొదటి లైను రాసింది: "మూడేళ్ళుగా నేను తప్పు రాశాను. ఒకే అప్పు రెండుసార్లు కలిపాను. సరైనది: 1,11,000." చెయ్యి ఆగింది. ఇంతే ఉంచితే అప్పు తగ్గిందని కొత్తవాళ్ళు గంతులేస్తారు. తగ్గితే కదా. కింద రెండో లైను రాసింది: "పాతవాళ్ళ చివరి పద్నాలుగు నెలల్లో పెరిగింది 11,800. కొత్తవాళ్ళ పద్నాలుగు నెలల్లో పెరిగింది 12,300."

సుద్ద దులుపుకునేలోపే తమ్ముడు రోడ్డు దాటాడు. ఈసారి చెప్పులు వదల్లేదు.

"ఇదేంటి?"

"కూర్చో, చెబుతా. అమ్మ బయట పది అప్పు తెచ్చిందనుకో. అందులో నాలుగు నీకు అప్పిచ్చింది. ఇంటి మీద అప్పెంత?"

"నేనెవరి దగ్గరా తేలేదు" అంది అమ్మ లోపల్నుంచి.

"పది" అన్నాడు తమ్ముడు.

"నేను పద్నాలుగు రాశాను. నీదీ కలిపి."

అతను కాసేపు బోర్డు చూశాడు. పెదాలు కదిలాయి, లెక్క వేసుకుంటున్నాడు. పద్నాలుగు నెలలు వెనక్కి వెళ్ళినట్టున్నాడు.

"అంటే అప్పుడు లక్ష కాలేదు."

"కాలేదు."

"నలభై ఒకటి, అక్కా."

"తెలుసు."

"నాకు ఇల్లిల్లూ తెలుసు. ఎవరెవరు ఆ కాగితం పట్టుకుని నా మొహాన ఊపారో పేరు పేరునా తెలుసు." గొంతు తగ్గించాడు. "సరే. అయిందేదో అయింది. ఒక్క మాట వింటావా? ఇవాళ కాదు. సోమవారం రాయి. నాలుగు రోజులు. తప్పని చెప్పొద్దనడం లేదు నేను. సోమవారం చెప్పమంటున్నా. నాకు బాకీ పడ్డావు నువ్వు."

బాకీ పడ్డదే. ఆవిడ తడిగుడ్డ వైపు చూసింది. వాడు బతిమాలుతున్నాడు, మళ్ళీ అక్కా అంటున్నాడు, నాలుగు రోజులు ఎంతలో గడుస్తాయి. ఎవడికి తెలుసు, ట్రెజరీ ఆయనకి తప్ప?

"అప్పుడు తప్పు లెక్క తుడపమంటే తుడపలేదురా, నీ మొహం మీద తలుపేశాను" అంది. "తప్పుడు దానికి అంత పట్టుబట్టి, సరైనదానికి సెలవిమ్మంటావా? అలా చేస్తే నేను లెక్క కోసం కాదు, నీ మీద పగతోనే చేసినదాన్ని అవుతాను కదా."

"ఇప్పుడేమవుతావు మరి?"

ఆవిడ సుద్దముక్క డబ్బాలో వేసింది.

"అమ్మ ఇక్కడే ఉంటుందిలే ఈ నెల" అని వెళ్ళిపోయాడు.

"నన్నెవరైనా అడిగారా?" అంది అమ్మ, సర్దిన సంచీ ఒళ్ళో పెట్టుకుని.

సాయంత్రం ఐదున్నరకి వీధి చివర మైకు మొదలైంది. జిరాక్సక్క కాపీలు తీస్తూ తప్పులు చేసింది, ఒకాయన గుర్తింపు కార్డు రెండువైపులా ఒకే వైపు వచ్చింది. చెవి మొత్తం మైకు మీదే ఉంది. తమ్ముడు మురుగు కాలవల గురించి మాట్లాడాడు, వీధిదీపాల గురించి మాట్లాడాడు. తర్వాత, "ఇక అప్పు సంగతి" అన్నాడు.

జనం ఈల వేశారు. వాళ్ళ చేతుల్లో వెయ్యి కాపీలున్నాయి.

మైకు గరగరలాడింది. ఆవిడ మిషను ఆపేసింది.

"మీ చేతుల్లో ఉన్న అంకె తప్పు" అన్నాడు. పళ్ళు పీకుతుంటే మాట్లాడినట్టుంది. "మా అక్క ఇవాళ సరిచేసింది. నేను చెబితే నమ్మరు. వెళ్ళి చూసుకోండి."

ఆ తర్వాత ఏం వినపడిందో మనుషుల గోలని బతుకులో ఒక్కసారైనా విన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. పది నిమిషాల్లో సగం మీటింగు కొట్టు ముందుంది. కొత్తవాళ్ళ టీ కొట్టు కూడా ఖాళీ అయి వచ్చింది.

"తగ్గింది. ఇరవై వేలు తగ్గించాం" అని కొత్తవాళ్ళలో ఒకడు ఫోన్ ఎత్తి బోర్డుని తీస్తున్నాడు, మొదటి లైను వరకే.

"ఎంతిచ్చారమ్మా నీకు?" అన్నాడు బురద పూసినవాడు.

"తమ్ముణ్నే అమ్ముకుందిరా" అన్నాడు వాడి పక్కనున్నవాడు.

"రెండో లైను చదవండి" అంది జిరాక్సక్క.

ఎవడూ చదవలేదు. కళ్ళు లేకనా? వాళ్ళకి కావాల్సింది మొదటి లైనులోనే దొరికింది, ఒకడికి సంబరం, ఇంకొకడికి తిట్టు. ఆవిడ మళ్ళీ అంది, మళ్ళీ అంది. ఎవడి మోచెయ్యో తగిలి బోర్డు ఒక పక్కకి ఒరిగింది.

దాన్ని పట్టుకుని నిలబెట్టిన చెయ్యి మేకులాయనది. స్టేజీ దిగి వచ్చేశాడు, మెడలో దండ కూడా తీయలేదు. అక్క వైపు చూడలేదు. బెంచీ లాక్కుని ఎక్కి, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతుతో రెండో లైను చదివాడు. పదకొండు వేల ఎనిమిది వందలు మావాళ్ళది. పన్నెండు వేల మూడు వందలు మీవాళ్ళది. మళ్ళీ చదివాడు.

"ఇంతేగా తేడా?" అన్నాడు. "ఐదొందలు. దీనికా మనం టీ కొట్లు పంచుకుంది?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఎక్కువమంది నవ్వలేదు. "రెండుసార్లు ఓడే మొహం" అని వెనక నుంచి ఎవరో అన్నారు. జనం మెల్లగా రెండుగా విడిపోయి, ఎవరి టీ కొట్టు వైపు వాళ్ళు పోయారు. రోడ్డు మీద వెయ్యి కాపీల్లో సగం పడి ఉన్నాయి.

అతను బెంచీ దిగాడు. దండ తీసి ఎక్కడ పెట్టాలో తెలీక బోర్డు మూలకి తగిలించబోయి, ఆగి, చేతిలోనే ఉంచుకున్నాడు.

"వచ్చే నెల అంకె ఎప్పుడు రాస్తావు?"

"పదో తారీఖు."

"రెండు రోజుల ముందు నాకు చెప్పు."

"చెప్పను. బోర్డు మీద చూసుకో."

అతను దండని మోచేతికి వేసుకున్నాడు. లోపలికి వెళ్ళి అమ్మ ఒళ్ళోంచి సంచీ తీసుకున్నాడు.

"మళ్ళీ మార్చావా?" అంది అమ్మ, లేస్తూ. "నేనిక్కడే అన్నం పెట్టుకోబోతున్నా."

"అక్కడ తిందువుగాని పద."

ఇద్దరూ రోడ్డు దాటుతుంటే జిరాక్సక్క గుమ్మంలో నిలబడింది. అవతలికి చేరాక తమ్ముడు తన కొట్టు మెట్ల మీద వెనక్కి తిరిగాడు. ఆవిణ్నా, బోర్డునా, ఎటు చూశాడో ఇంత దూరం నుంచి తెలియలేదు. ఆవిడ చీపురు తీసుకుని, తాను కొట్టిన కాపీలు తానే ఊడవడం మొదలుపెట్టింది.