శిక్షణ అరుణశ్రీకే కావాలి

మా తోటికోడలు అరుణశ్రీ నవ్విందంటే మిల్లులో సగం మంది పని ఆపి మరీ అటు చూస్తారు. ఏముందండీ ఆ నవ్వులో? నాకూ పళ్ళున్నాయి, నేనూ నవ్వగలను. కానీ నేను నవ్వితే "మేడమ్ గారికి ఏటైనాది ఇయ్యాల?" అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

చీపురుపల్లి స్టేషన్‌కి అవతల మాది నువ్వుల మిల్లు. మాది అంటే సొంతం కాదు, షావుకారు ధర్మారావు గారిది. ఇప్పుడు ఆయన కొడుకు ఆనంద్‌కుమార్ చూసుకుంటున్నాడు. నువ్వులు పొట్టు తీసి, జల్లించి, రంగు మారిన గింజలు ఏరేసి, సంచులకెత్తి విదేశాలకు పంపుతాం. అక్కడ నాణ్యత చూసేది నేను, నీలవేణిని. బీయస్సీ చదివాను. మిల్లుకి నాణ్యతా సర్టిఫికెట్ వచ్చిందే నా చేతుల మీదుగా. దానికి ఆధారమైన ప్రమాణంలో, అంటే స్టాండర్డులో, ఏం రాసి ఉందో పనివాళ్ళకి నేర్పింది నేను. ఆడిటర్ వస్తే ఆయన ఎదురు కుర్చీలో కూర్చుని జవాబు చెప్పేది నేను. ఆ కుర్చీ అంటే నాకు ప్రాణం. దాచుకోవడం దేనికి?

మరిది పెళ్ళాం ఇంట్లో ఊరికే కూర్చుందని జాలిపడి, ఆనంద్‌కుమార్‌తో చెప్పి ప్యాకింగ్‌లో వేయించింది కూడా నేనే. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళడమంటే ఇదే. ఏడాది తిరక్కుండా అది సూపర్‌వైజర్ అయి కూర్చుంది. నేను బోర్డు మీద రాసి రాసి చెప్పినదాన్ని, టీ తాగుతూ రెండు ముక్కల్లో చెప్పేసేది. జల్లెళ్ళ దగ్గర పనిచేసే అసిరమ్మ అయితే నా మొహం మీదే అంది: "అరుణమ్మ సెప్తే బేగి బుర్రకెక్కుతాది మేడమ్."

ఇలా ఉండగా ఆ ప్రమాణాన్ని సవరించారనీ, మేమూ కొత్తదానికి మారాలనీ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ఆనంద్‌కుమార్ నన్ను తన గదిలోకి పిలిచాడు.

"మేడమ్, ఇప్పుడు మనోళ్ళందరికీ మళ్ళీ ట్రైనింగ్ ఇవ్వాలా? సీజన్‌లో మిల్లు ఆపితే నాన్నగారు నన్ను బతకనివ్వరు. ఎవరికి కావాలో ఎవరికి అక్కర్లేదో మీరే తేల్చండి. మీ మాటే ఫైనల్."

మీ మాటే ఫైనల్! అది విని నేల మీద నడవలేదు నేను ఆ పూట.

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని శ్రద్ధగానే చదివాను. పని విషయంలో నాకు వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. ప్రమాణం మారినంత మాత్రాన జల్లెడ పట్టే చెయ్యి మారదు కదా. అసిరమ్మని కూర్చోబెట్టి మళ్ళీ జల్లించడం నేర్పితే మిల్లంతా నవ్విపోతుంది. అలాంటివాళ్ళందరికీ ఒకసారి ఏం మారిందో, ఎందుకు మారిందో చెబితే చాలు. ఎవరి పనిలో నిజంగా తేడా పడుతుందో వాళ్ళకే శిక్షణ కావాలి. అలా వడగడితే ఇద్దరే తేలారు. ప్యాకింగ్‌తో పాటు సరుకు కొన్నవాళ్ళ ఫిర్యాదులు కూడా చూసుకునే అరుణశ్రీ ఒకర్తి. మొత్తం వ్యవహారం నడిపించే నేను ఒకర్తిని.

నేనూ, అదీ! ఒకే బెంచీ మీద, ఒకే పాఠం! నా చదువెక్కడ, ఇంటర్ తప్పిన దాని చదువెక్కడ? ఎవరైనా వింటే నా పరువు ఏం కావాలి?

మర్నాడు ఆనంద్‌కుమార్‌కి చెప్పేశాను. "మిల్లుకంతటికీ అక్కర్లేదు సార్. నాకు అసలే అక్కర్లేదు, పాతదాంట్లో లేనిది కొత్తదాంట్లో ఏటున్నాది? శిక్షణ అరుణశ్రీకే కావాలి. పాపం, దానికి పునాది సరిగ్గా లేదు."

ఆ 'పాపం' కాస్త సాగదీసే అన్నాను.

మా మిల్లు నువ్వులదే గానీ, అక్కడ ఒక్కరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. మధ్యాహ్నం భోజనాల వేళకే జల్లెళ్ళ దగ్గర గుసగుసలు.

"అరుణమ్మకి సిచ్చన ఏసినారట!" అంటోంది అసిరమ్మ.

"సిచ్చన కాదే, సిచ్చ" అని పక్కావిడ దిద్దింది. "ఏటి తప్పు సేసినాదో!"

శిక్షణకీ శిక్షకీ తేడా చెప్పాల్సినదాన్ని నేనే కదా? వినీ విననట్టు పక్కనుంచి నడిచి వెళ్ళిపోయాను. నిజం చెప్పొద్దూ, హాయిగా ఉంది.

ఆ మాట ఇంటికీ పాకింది. "సిన్న కోడలు మిల్లులో ఏటో తప్పు సేసినాదంట కదే?" అని మా అత్త సుభద్రమ్మ అడిగితే, "నాకేటి తెలుస్తాది అత్తా" అని కూర తరుగుతూ కూర్చున్నాను. అరుణశ్రీ నవ్వడం మానేసింది. తల వంచుకుని సంచులు కుట్టించుకుని వెళ్ళిపోయేది. ఆ ఇకఇకలు పకపకలు లేకపోతే మిల్లు ఎంత ప్రశాంతంగా ఉందో!

ఆ ప్రశాంతత వారం నిలవలేదు. ఒకరోజు పని దిగే ముందు ఆనంద్‌కుమార్ అందర్నీ పోగుచేశాడు.

"కొత్త ప్రమాణం మీద విశాఖపట్నంలో కోర్సు పెట్టారు. కంపెనీ ఖర్చుతో అరుణశ్రీ గారిని పంపుతున్నాం. వచ్చాక మనందరికీ ఆవిడే చెబుతారు. ఈసారి ఆడిట్‌లో కూర్చునేది కూడా ఆవిడే."

అతని వెనకాలే గదిలోకి పరిగెత్తాను.

"సార్, అలాటి కోర్సయితే నేను కూడా..."

"మీకు అక్కర్లేదన్నారు కదా మేడమ్? ఒక్కరికే కావాలని మీరు తేల్చబట్టి నాన్నగారు కూడా మారుమాట్లాడకుండా ఒప్పుకున్నారు. థ్యాంక్స్ మేడమ్."

థ్యాంక్సట! బయటికొచ్చాను. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకని సామెత. బయట నా తోటికోడలు నా వైపు చూసి నవ్వింది. వెటకారంగా కూడా కాదు, మనసారా. అది ఇంకా ఘోరం.

దాన్ని రైలెక్కించడానికి మా మరిది, మా అత్త, వీధిలో ఆడవాళ్ళూ కదిలారు. నాకు తలనొప్పి అని పడుకున్నాను. అది ఊళ్ళో లేనన్నాళ్ళూ నాకు ముద్ద దిగలేదు. కోర్సులో అది తప్పిపోవాలని పైడితల్లి అమ్మవారికి మొక్కుకున్నాను కూడా, అంత కుళ్ళు పట్టుకుంది నన్ను. అమ్మవారు అలాంటి మొక్కులు వినదు కాబోలు, సుబ్బరంగా పాసై వచ్చింది.

వచ్చిన మర్నాడే మిల్లులో క్లాసు. నా బోర్డు, నా సుద్దముక్క, దాని గొంతు. నేను చెబితే ఆవలించే మనుషులు అది చెబితే ప్రశ్నలు కూడా అడిగారు. ఎక్కడ తడబడుతుందా అని వెనక వరసలో కాచుక్కూర్చున్నాను. తడబడలేదు సరికదా, కొత్తదాంట్లో ఒకచోట నేను తలకిందులుగా అర్థం చేసుకున్నానని అక్కడే తెలిసింది. సరైనదాన్ని కొంగు చాటున అరచేతి మీద రాసుకున్నాను.

ఆ సాయంత్రం అరుణశ్రీ మా గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, ఇంకెవరికైనా ట్రైనింగ్ కావాలా అని సార్ నన్నడిగినారు. నీ పేరు సెప్పేసినాను."

నెత్తురు నెత్తికెక్కింది నాకు. "ఓహో! పగ తీర్చుకున్నావటే? నీలవేణికేటీ రాదని నలుగురిలో అనిపించాలనే కదూ నీ ఏడుపు?"

అది బిత్తరపోయింది. "పగేటక్కా? మన ఇద్దరి పనీ మారినాదని అక్కడ సెప్పినారు. ఒక్కర్తినీ ఆ ఆడిటర్ ముందు కూకుంటే నాకు నోరు పెగల్దు. నిన్ను పంపడానికి మొదట సార్ ఒప్పుకోనేదు. అక్క నేకపోతే నానూ కూకోనన్నాను, దిగొచ్చినారు."

"నీకెందుకే నా గొడవ?"

"అదేటక్కా అలాగంటావు? ఇంటర్ తప్పినదాన్ని, నువ్వు సెప్పకపోతే నన్నెవులు పంపుతారు? అందరూ సిచ్చ అంటే నానూ ఏడ్సినాను. కోర్సు సంగతి సార్ సెప్పినాక తెలిసినాది, నీ సీటు నాకొదిలేసినావని."

నా సీటు దానికి వదిలేశానట! ఎందుకు చెప్పానో కక్కేద్దామని నోటిదాకా వచ్చింది, మింగేశాను. అది నన్ను ఒక్కసారి అనుమానించి నాలుగు తిట్టి ఉంటే, నేనూ నాలుగు తిట్టి ఆ రాత్రి సుఖంగా నిద్రపోయేదాన్ని. నమ్మింది. అంత పిచ్చి నమ్మకం నాకు ఎవరి మీదా ఎప్పుడూ కలగలేదు. నాకు లేనిది దాని దగ్గర ఇంకొకటి బయటపడింది, ఇప్పుడు ఆ నమ్మకాన్ని చూసి కూడా కుళ్ళుకుంటూ గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"రేపటి బ్యాచ్‌లో నీ పేరు రాయించినాను. తెల్లారగట్ల బండికే ఎల్లాల నువ్వు. దారిలోకి పులిహోర సేసిస్తాను. ఏది సెయ్యమంటావు, సింతపండుదా, నిమ్మకాయదా?"

"నిమ్మకాయదే" అన్నాను.

చింతపండు పులిహోర అది నాకన్నా బాగా చేస్తుంది.