గోవిందరావుగారింటికి వెళ్ళిన మెసేజ్

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా అమ్మ కృపమ్మకి ఇప్పటికీ సరిగా చెప్పలేకపోయాను. క్యాన్సర్ వచ్చినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి వాళ్ళతోనూ వాళ్ళ మనుషులతోనూ మాట్లాడతాననీ, ఆ మనిషి పోతే మిగిలినవాళ్ళ దగ్గర కూర్చుంటాననీ చెప్పాను.

"దానికి జీతమేటే? మన ట్రాఫిక్ కాలనీలో ఆడోళ్ళందరూ ఊరికే సేస్తన్న పనే కదా," అంది.

కలకత్తాలో కోర్సు చదివి సర్టిఫికెట్ తెచ్చుకున్నానని గుర్తు చేశాను.

"కూసోడానికా?" అంది.

నిజమే, మౌనంగా కూర్చోవడం మీద కూడా మాకు ఒక క్లాసు ఉండేది. అందులో అందరికంటే ఎక్కువ మాట్లాడింది నేనే.

నా సంస్థ ఖరగ్‌పూర్‌లో ఒక చిన్న ట్రస్టు. మా పెద్దావిడ కళ్యాణి మేడమ్, నేను, ఒక నర్సు, అంతే. పోయిన దసరా వెళ్ళాక మేడమ్ నన్ను ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే పేటలో గోవిందరావుగారింటికి పంపింది. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. లివర్లో గడ్డ. అది పాకిపోయిందనీ, ఇక మందులతో నొప్పి తగ్గించడమేననీ డాక్టర్లు చెప్పేశారు. చెప్పింది ఆయనకి కాదు, భార్య రత్నానికి.

రత్నం పిన్ని నన్ను గుమ్మంలోనే ఆపేసింది.

"ఆయనకి తెల్దమ్మా. గేస్ అని సెప్పినాం. నువ్వు పింఛనీదారుల ఆరోగ్యం రాసుకోడానికి వొచ్చినావని సెప్తాను. నోరు జారకు."

రోగికి నిజం తెలుసుకునే హక్కు, మనం చెప్పాల్సిన అవసరం గురించి నేను పరీక్షలో పేజీలు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అవన్నీ గుర్తు తెచ్చుకుని గట్టిగా, "అలాగే పిన్నీ," అన్నాను.

ఆమె టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. గోవిందరావుగారు మంచం మీద నుంచి నన్ను తేరిపార చూశాడు.

"ఎవరి పిల్లవి?"

"ట్రాఫిక్‌లో తీతుగారి అమ్మాయినండి. ఎవాంజలిన్. ఆరోగ్య సర్వే..."

"ఊరుకోమ్మా. నాకు తెల్దా ఏటి? కలకత్తాలో ఆస్పటలుకి తీసికెల్లినారు. గేటు మీద ఇంతేసి అచ్చరాలతో కేన్సరని బెంగాలీలో ఉంది, ఇందీలో ఉంది, ఇంగ్లీషులో ఉంది. మూడూ నాకొచ్చు. తెలుగులో లేదు కదా, నాకు తెల్దనుకుంది మీ పిన్ని." నవ్వబోయి కడుపు పట్టుకున్నాడు. "నాకు తెలుసని దానికి సెప్పకు. తట్టుకోలేదు."

"అలాగే బాబాయ్‌గారూ," అన్నాను.

ఆ విధంగా, టీ మరిగేలోపల, ఒకే ఇంట్లో ఇద్దరికి ఎదురెదురు మాటలు ఇచ్చేశాను.

తర్వాత వారాలన్నీ సర్వే చేస్తూనే ఉన్నాను. పింఛనీదారులకి నిద్ర ఎలా పడుతోంది, ఆకలి ఎలా ఉంది అని అడిగి, ఏవో గీతలు గీసుకునేదాన్ని. రోజూ పొద్దున్నే రత్నం పిన్ని ఎవరో బెంగాలీ దీదీ చెప్పిన కాల్‌మేఘ్ ఆకు, అంటే మన నేలవేము, నూరి, ఆ పచ్చటి చేదు రసం గ్లాసులో పోసి, "గేస్‌కి మంచిది," అని ఇచ్చేది. ఆయన కళ్ళు మూసుకుని తాగి, "ఇయ్యాల కొంచెం నయమే," అనేవాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. ఆమె అటు వెళ్ళగానే ఆయన గోడవైపు తిరిగేవాడు. నేను మధ్యలో కుర్చీ మీద కూర్చుని, ఇద్దరి నమ్మకమూ సంపాదించానని గర్వపడేదాన్ని.

ఒకరోజు బయటికొచ్చి, స్కూటీ మీద కూర్చునే, కళ్యాణి మేడమ్‌కి వాయిస్ మెసేజ్ పెట్టాను. మంచి వివరంగా పెట్టాను. "మేడమ్, గోవిందరావుగారికి క్యాన్సరని ఆయనకి మొదటినుంచీ తెలుసు. రత్నంగారికి చెప్పొద్దన్నారు. ఆమె ఆయనకి తెలియదనుకుని చేదు రసం తాగిస్తున్నారు. ఆయన ఆమె కోసమే తాగుతున్నారు. ఇద్దరూ విడివిడిగా ఏడుస్తున్నారు. ఇద్దరినీ మెల్లగా, దశలవారీగా ఒకచోటికి తేవాలని నా ప్లాన్."

రత్నం పిన్ని చదువుకోలేదు. అందుకని ఏ మందు ఎప్పుడో ఆమెకి వాయిస్ మెసేజ్‌లే పంపేదాన్ని. నా ఫోన్లో అన్నిటికంటే పైన ఉండే పేరు ఆమెదే. ఝపటాపూర్ పేట దాటుతుంటే ఆ సంగతి తట్టింది. స్కూటీ పక్కకి ఆపి చూస్తే మెసేజ్ ఆమె పేరు మీదే ఉంది, రెండు నీలం టిక్కులతో. నా దశలవారీ ప్లాన్ పూర్తయిపోయింది.

వెంటనే మేడమ్‌కి ఫోన్ చేసి చెప్పాను. "వెనక్కి వెళ్ళు. దాచకు. క్షమాపణ చెప్పు," అంది.

వెనక్కి వెళ్ళే దారంతా క్షమాపణ తయారు చేసుకున్నాను. వీధి మొగలోకే వాళ్ళ అరుపులు వినబడ్డాయి.

"తెలిసి తాగినావా? ఆకు నూరి నూరి నా సేతులు పచ్చగైపోనాయి!"

"ఎవులు నూరమన్నారే నిన్ను? గేసంట, గేసు! నేను ఫిట్టర్నే, గాడిదిని కాదు!"

"మరి సెప్పొచ్చు కదా!"

"నువ్వు సెప్పినావా?"

నేను గుమ్మంలో నిలబడి, తప్పు నాదే, మీ మాటలు ఆ మెసేజ్‌లో అలా వెళ్ళకూడదు, మీరు ఫిర్యాదు చేస్తే... అని మొదలుపెట్టాను. ఇద్దరూ ఒక్కసారే నావైపు తిరిగారు.

"నువ్వుండు," అన్నారు.

ఉన్నాను. నా ఉద్యోగంలో నేను నిజంగా నోరు మూసుకుని కూర్చున్నది ఆరోజే. వాళ్ళు దెబ్బలాడుకున్నారు. పాత దెబ్బలాటలన్నీ తవ్వుకున్నారు. ఉన్నట్టుండి రత్నం పిన్ని మంచం అంచున కూలబడి, "నన్నొగ్గేసి ఎల్లిపోతావా?" అంది. ఆయన ఆమె తల తన భుజానికి ఆనించుకున్నాడు. ఇద్దరూ కలిసి ఏడ్చారు. నేనూ ఏడ్చాను. అది నా సర్టిఫికెట్ ప్రకారం చెయ్యకూడదు.

కాసేపటికి ఆయనే అన్నాడు. "ఇంక నన్ను కలకత్తా తిప్పొద్దు రత్నం. ఇక్కడే ఉంటాను. ఆ రసం కూడా ఒద్దు."

"సరే. ఏటి తింటావు?"

"ఎండు రొయ్యలు, వొంకాయ."

తినగలిగింది రెండు ముద్దలే. కానీ ఆమె వండింది. ఆ చలికాలమంతా వాళ్ళు మాట్లాడుకున్నారు. కూతురు నీలవేణిని ఝపటాపూర్ నుంచి పిలిపించి, తాను పోయాక అమ్మని ఎలా చూసుకోవాలో ఆయనే చెప్పాడు. నేను వెళితే కొన్నిసార్లు, "ఇయ్యాల పనిలేదమ్మా, మేం మాటాడుకుంటన్నాం," అని పంపించేసేవారు. అంతకంటే గొప్ప విజయం ఉండదని మేడమ్ అంది. నాకు మాత్రం కొంచెం చిన్నతనంగానే ఉండేది.

శివరాత్రి ముందు ఒక ఉదయం ఆయన పోయాడు. అప్పుడు రత్నం పిన్ని వీధి చివర పాలు తేవడానికి వెళ్ళింది.

దినాలన్నీ అయ్యాక వెళ్ళాను. ఆమె నేల మీద కూర్చుని ఉంది. మనిషి సగమైపోయింది.

"రాత్రీ పగలూ ఎదురుగానే ఉన్నాను. పాలకెల్లినాను. అంతలోనే పోనాడు. ఒక్కడూ పోనాడమ్మా. నేనేటి మనిసిని?"

నా దగ్గర దీనికి ఒక తయారు జవాబుంది. ఎన్నో ఇళ్ళలో వాడి వాడి అరిగిపోయిన మాట. అనడానికి సిగ్గేసింది. వేరే ఏదీ తోచక అదే అన్నాను.

"పిన్నీ, నేను చాలా ఇళ్ళలో చూశాను. ఇష్టమైనవాళ్ళు ఎదురుగా ఉంటే కొందరు ప్రాణం వదల్లేరు. వాళ్ళు పక్కకి వెళ్ళాకే పోతారు. మీరు వదిలెయ్యలేదు. ఆయనే ఆ సమయం చూసుకున్నారేమో."

ఆమె తలెత్తింది. "నిజమేనా? సూసినావా నువ్వు?"

"చూశాను పిన్నీ."

"మళ్ళీ సెప్పు."

మళ్ళీ చెప్పాను. ఆమె వంటింటివైపు తిరిగి, "నీలవేణీ, ఇలగ రా! ఈ పిల్ల ఏటంటందో ఇను," అని కేకేసింది. నీలవేణి చేతులు తుడుచుకుంటూ వచ్చి తల్లి పక్కన కూర్చుంది. ఇద్దరూ నా మొహంలోకి చూస్తున్నారు. నేను గొంతు సవరించుకుని, మూడోసారి చెప్పడం మొదలుపెట్టాను.