కుళాయి కట్టేస్తే

ఇంట్లో ఎక్కడో నీళ్ళు కారిపోతున్నాయని అత్తగారు తేల్చేశారు. లేకపోతే సాయంత్రం మోటారు వేసి నింపిన ట్యాంకు రాత్రి భోజనాలైనా కాకముందే ఎందుకు అడుగంటుతుంది? ఆ మాట అన్నప్పటి నుంచి కొడుకుగారికి కొత్త ఉద్యోగం దొరికింది. ఆఫీసు నుంచి రాగానే గోడలకు చెవి ఆనించి వింటాడు, వేలితో తట్టి చూస్తాడు, అనుమానం వచ్చిన చోట పెన్సిలుతో గీత గీస్తాడు. బట్టలు ఎక్కడ ఆరేస్తారో తెలియని మనిషికి ఇంట్లో పైపులు ఎటు నుంచి ఎటు పోతాయో కంఠతా వచ్చేసింది. నీళ్ళు ఎలా పోతున్నాయో ఆ ఇంట్లో తెలిసింది ఒక్కరికే. ఆ ఒక్కరూ కోడలు. ఆమె వంటింట్లో కిమ్మనకుండా కూరగాయలు తరుగుతూ ఉండేది.

ఆమె ఉద్యోగం ఫోనుల్లో ఫిర్యాదులు వినడం. పొద్దుటి నుంచి చెవులకు అంటుకుని ఉండే ఆ హెడ్‌ఫోన్లలో ఎవరెవరో అరుస్తారు, ఆమె మెత్తగా క్షమాపణలు చెబుతుంది. ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే రెండో షిఫ్టు మొదలవుతుంది. పెద్దదానికి లెక్కలు రావు, బుడ్డోడికి సాక్సు ఒకటే దొరుకుతుంది, అత్తగారికి మాత్ర ఏ డబ్బాలో ఉందో గుర్తుండదు. "నిన్నే" అని మొదలుపెట్టి ఆయన అడిగేవి వీటికి అదనం. లోపలి నుంచి గడియ పడే తలుపు ఆ ఇంట్లో స్నానాల గదిది ఒక్కటే. ఒకరోజు అందులోకి వెళ్ళి, బకెట్టు బోర్లించి, దాని మీద ఊరికే కూర్చుంది. భుజాలు ఇంకా కిందికి దిగనేలేదు, తలుపు దబదబా మోగింది. అయిపోయిందా అని ఆయన అడుగుతున్నాడు, చప్పుడు లేదు కదా అని. మర్నాడు కుళాయి తిప్పి కూర్చుంది. ఒక్క పిలుపు లేదు. నీళ్ళు పడుతున్నంతసేపూ ఆడమనిషి ఏదో పని మీద ఉన్నట్టే లెక్క. కట్టేసిందంటే ఖాళీ అయినట్టే.

అక్కడ ఆమె ఏడ్చేది కాదు. ఏడుపు వస్తే వంటింట్లోనే ఏడవగలదు, దానికి గడియ అక్కర్లేదు. ఏమీ చేయకుండా, ఎవరికీ ఏమీ కాకుండా కాసేపు కూర్చునేది. కళ్ళెదుట అన్ని మంచినీళ్ళు తూముపాలవుతుంటే సిగ్గుగానే ఉండేది. అయినా తిప్పేది. మీకోసం మీరు సమయం కేటాయించుకోవాలని ఆఫీసులో ఒకావిడను పిలిపించి క్లాసు కూడా పెట్టించారు. భోజనాల వేళ పెట్టించారు కాబట్టి ఆ రోజు ఆమెకు భోజనం లేదు.

సెలవు రోజున ప్లంబరు వచ్చాడు. పెన్సిలు గీతలన్నీ ఓపిగ్గా చూసి, స్నానాల గది గోడ లోపల పైపు పగిలిందని చాలా నమ్మకంగా చెప్పాడు. పలకలు పగలగొట్టాలి, కొన్నాళ్ళు ఆ గది వాడడానికి ఉండదు. పక్కింటి వాళ్ళను అడిగి అందరం వాళ్ళింట్లో స్నానాలు చేసి సర్దుకుందాం అన్నాడు ఆమె భర్త. అత్తగారు సరేనన్నారు. ప్లంబరు ఉలి తీశాడు. ఆమెకు చెబితే నవ్వులపాలు. చెప్పకపోతే, తనదంటూ ఉన్న ఆ కాస్త చోటూ పోతుంది. చేతులు తుడుచుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆగండి. గోడలో ఏమీ లేదు. నీళ్ళు నేనే వదిలేస్తున్నాను."

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "ఎందుకు?"

"కుళాయి కట్టేస్తే మీరు పిలుస్తారు."

అత్తగారు, ఇన్ని నీళ్ళు పారబోసే బదులు నోరు తెరిచి ఒక్కమాట చెప్పొచ్చు కదా అన్నారు.

"చెప్పాను అత్తయ్యా. అలిసిపోయానని చెప్తే టీ పెట్టుకుని తాగమన్నారు, పనిలో పనిగా అందరికీ పెట్టమన్నారు. నీళ్ళు పారబోయడం తప్పే. ఇంక పారబొయ్యను." అని ప్లంబరు వైపు తిరిగింది. "పనిముట్లు ఎలాగూ తెచ్చారు. మా పడగ్గది తలుపుకి లోపలివైపు గడియ బిగించి వెళ్ళండి. పిల్లాడికి అందకుండా, కాస్త పైన."

పిల్లలకు ఏదైనా కావాల్సొస్తే ఎలా అని ఆయన నీళ్ళు నమిలాడు.

"వాళ్ళకి నాన్న ఉన్నాడు కదా" అంది. గొంతు పెంచలేదు. రోజూ క్షమాపణలు చెప్పే గొంతే అది, ఈసారి మాత్రం క్షమాపణ లేదు.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి, పిల్లలిద్దరినీ దగ్గరకు తీసుకుని, తర్వాత గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంది. మంచం మీద కాళ్ళు బారచాపి పడుకుంది. బయట సాక్సు కోసం వెతుకులాట వినబడింది. ఆయన గొంతు విసుక్కుంది, తర్వాత తగ్గింది, తర్వాత బుడ్డోడితో కలిసి మంచం కింద ఎక్కడో దూరినట్టుంది. ఆమె లేవలేదు. కొంతసేపటికి తలుపు మీద మెల్లగా తట్టిన చప్పుడైంది.

"ఏమైనా పనుందా లోపల?" అన్నాడు ఆయన.

"లేదు" అంది ఆమె. "అందుకే గడియ వేసుకున్నాను."