చుపరోసా అడిగితే

మా బావి అడుగంటిన ఏడు అది. తాగడానికే నీళ్లు చాలలేదు, ఇక గులాబీలకెక్కడివి? నా భార్య దోమితిలా ముప్పై ఏళ్లు పెంచిన చెట్లు ఎండి కట్టెలయ్యాయి. మోకాళ్ల నొప్పులతో వాకిట్లో కుర్చీ వేసుకుని వాటినే చూస్తూ కూర్చునేది.

నీళ్లడగని మొక్కలు పెడదామనుకున్నాను. మా సోనోరా ఎడారి వాగుల్లో అవి వాటంతటవే మొలుస్తాయి. అందులో ఒకటి చుపరోసా. ఆ పొదకీ, గాలిలో నిలబడి దాని తేనె తాగే బొటనవేలంత పిట్టకీ మా వైపు పేరొకటే. తిప్పలన్నీ అక్కడే వచ్చాయి.

నా కూతురి బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలిచిన నజారియో సంతకి బయల్దేరుతుంటే చెవిలో చెప్పాను.

"బావా, నాకో చుపరోసా పట్రా. దోమితిలాకి తెలియనీకు."

"ఈ వయసులోనా బావా!" అని కన్నుకొట్టాడు. ఎందుకో నాకు తట్టలేదు.

సాయంత్రం వాడిచ్చి వెళ్లిన పొట్లం దోమితిలా చేతికే చిక్కింది. విప్పితే, ఎర్రదారం చుట్టిన ఎండు పిట్ట. ఆడవాళ్లని వలలో వేసుకోడానికి మగాళ్లు జేబులో పెట్టుకు తిరిగే మందు అది.

"ఎవరది? రొట్టెలమ్మే పెర్ఫెక్తాయేనా?"

"కాదే, నేనడిగింది మొక్క!"

"మొక్కకి గుట్టెందుకయ్యా?"

"నీకు చెప్పకుండా పెట్టి, చూపిద్దామని..."

"నలభై ఏళ్లలో ఒక్క పువ్వు తెచ్చావా నాకు?"

తేలేదు. ఆ పూట నుంచి నాతో మాట మానేసింది. చిక్కుళ్ల గిన్నె ముందు పెట్టేది, అంతే.

నేనే వాగుకెళ్లాను. చుపరోసా కొమ్మలు కోసుకొచ్చి డబ్బాల్లో వేళ్లు తొడిగించి, వానలు పడ్డాక నాటాను. చుట్టూ కంచెగా ఒకోతియో అనే ఎడారి చెట్టు ముళ్ల కర్రలు పాతాను. గిన్నెలు కడిగిన నీళ్లు చెంబెడు పోసేవాణ్ణి. దోమితిలా కుక్కతో అనేది, "చూశావా పింతా, మీ అయ్య పుల్లలకి నీళ్లు పోస్తున్నాడు."

చలికాలమంతా అవి పుల్లలే. ఆకు కూడా సరిగ్గా లేదు. నాకే నమ్మకం సన్నగిల్లింది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున చూస్తే, బూడిదరంగు పుల్లల నిండా ఎర్రెర్రని గొట్టాల పూలు! ఎప్పుడు దాచుకున్నాయో అంత నిప్పుని. నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

ఎక్కణ్ణించో జుయ్యిమని చప్పుడు. పిట్ట వచ్చింది. పువ్వు పువ్వుకీ ముక్కు పెట్టి, ఉన్నట్టుండి, వాకిట్లో కుర్చీలో ఉన్న దోమితిలా ఎర్ర తలగుడ్డ దగ్గరికి ఎగిరింది. జానెడు దూరంలో, గాలిలో, మేకు కొట్టినట్టు నిలిచింది. రెక్కలు కనబడవు, వాటి గాలికి ఆమె నుదుటి మీది తెల్లవెంట్రుకలు మాత్రం కదులుతున్నాయి. నల్లగా ఉన్న దాని గొంతు, తల తిప్పగానే ఊదారంగు మంటై వెలిగింది. ఆమె ఊపిరి బిగబట్టింది. నేనూ అంతే. ఎనభై ఏళ్లకి దగ్గర పడ్డాను, దేవుడి పని అంత దగ్గరగా ఎప్పుడూ చూళ్లేదు.

అది పైకి దూసుకుపోయింది.

"రెఫుహియో," అంది. ఎన్ని నెలలకి నా పేరు!

తన గుడ్డముక్కల పెట్టె తెమ్మంది. అడుగున దాచిన ఆ ఎండు పిట్టని తీసి నా అరచేతిలో పెట్టింది. దూదికన్నా తేలిక.

"దారం విప్పి, ఆ పొద కింద పాతెయ్. బతికినదాన్ని చూశాక దీన్ని దాచుకోడానికి సిగ్గేస్తోంది."

మోకాళ్ల మీద కూర్చుని తవ్వుతుంటే మళ్లీ జుయ్యిమంది.

"కదలకు ముసలోడా," అంది దోమితిలా గుసగుసగా, "నీ టోపీ మీద వాలింది."