మిగిలిన మాత్రలు

మా వీధిలో ఏ ఇంట్లో ఏం ఉడుకుతోందో మూత తీయకుండా చెప్పగలవాణ్ణి నేను. గోడకి చెవి ఆనించే పనిలేదు. గిన్నెల చప్పుడు వింటే చాలు, ఆ ఇల్లాలి మనసులో ఏముందో పొల్లుపోకుండా చదివేస్తాను. కనక ఎదురింటావిడ సంగతి చెప్పే హక్కు నాకు తప్ప ఇంకొకరికి లేదు.

ఆవిడ పొద్దున్నే నానబెట్టిన బాదంపప్పుల తొక్క ఒలుస్తుంది. పప్పులు భర్తకి. తొక్కలు, పారేయడానికి చేతులు రాక, తన నోట్లోకి. భర్త పార్కులో నడక సంఘానికి అధ్యక్షుడు కావడంతో వీధంతా ఆయన్ని అధ్యక్షుడుగారనే అంటుంది. ఆయన శ్వాస వ్యాయామం చేస్తూ ఊపిరి వదిలితే వీధి చివర ఆరేసిన దుప్పట్లు క్షణంలో ఆరిపోయేవి, పీలిస్తే పిల్లుల మీసాలు అటు తిరిగేవి. ఆ ఊపిరి వెనకున్న చాకిరీ అంతా ఈవిడది. రసం పిండాలి, బూట్లు ఎండలో పెట్టాలి, నడిచొచ్చిన పాదాలకు వేడినీళ్ళు పట్టాలి, వంగితే ఆయన నడుం పట్టేస్తుంది కాబట్టి కాలిగోళ్ళు తనే తీయాలి. ఆ బొటనవేలి గోరు పసుపుపచ్చగా, కొమ్ములా వంపు తిరిగి ఉంటుంది. ఒకసారి అది పటుక్కున తెగి ఎగిరి ఆవిడ పెదవి మీద పడింది. "చూశావా, ఎంత గట్టిదో. అదంతా కాల్షియమే" అని ఆయన మురిసిపోయాడు. ఆవిడ పెదవి తుడుచుకుంది. ఆ రోజంతా తుడుచుకుంటూనే ఉంది.

తరవాత ఆవిడ పనికి పోతుంది. పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే ఉద్యోగం. ఆ మడత ఒంటరిగా పడదు. ఒక కొస ఈవిడ పట్టుకుంటే రెండో కొస మైకు అనే స్నేహితురాలు పట్టుకుంటుంది. గొంతు పెద్దది కాబట్టి ఆమెకా పేరు. ఇద్దరూ దులుపుతారు, దగ్గరికొస్తారు, అంచులు కలుపుతారు, మళ్ళీ దూరం జరుగుతారు. యంత్రాల హోరులో దగ్గరికొచ్చినప్పుడే మాట వినపడుతుంది కాబట్టి వాళ్ళ కబుర్లన్నీ ముక్కలు ముక్కలుగా, మడతకో ముక్క చొప్పున నడిచేవి. ఎవరెవరి నెత్తురో, ఎవరెవరి వాంతులో అంటిన గుడ్డలవి. వాటికి ఆవిడ ఏనాడూ ముక్కు మూసుకోలేదు. ఆ మరకలకు సిగ్గుంది, సబ్బు వేస్తే పోతాయి.

రిటైర్మెంటు దగ్గరపడుతున్న కొద్దీ ఆవిడ మోకాలు లాగడం మొదలుపెట్టింది. ఇంట్లో చెబితే అధ్యక్షుడుగారు సొరుగు తీసి ఒక మాత్రల పట్టీ అందించాడు. అది ఆ ఇంటి పద్ధతి. డాక్టరు ఆయనకి మందు మార్చినప్పుడల్లా పాత మందు మిగిలిపోతుంది. అన్నం మిగిలితే ఆవిడే తింటుంది, పాలు విరిగితే ఆవిడే తాగుతుంది, మాత్రలు మాత్రం ఎవరు మింగుతారు? "డబ్బు పోసి కొన్నవి పారేస్తామా? ఏ నొప్పికైనా మందు మందే. రోజూ ఒకటి వేసుకో" అన్నాడు. ఆవిడ వేసుకుంది. నాలిక మీద చేదు మధ్యాహ్నం దాకా పోయేది కాదు. కొన్నాళ్ళకి దుప్పటి దులిపినప్పుడు గోడలు కూడా దులిపినట్టు ఊగడం మొదలుపెట్టాయి.

"ఏంటే, తూలుతున్నావ్?" అంది మైకు, అంచులు కలిసినప్పుడు.

"వయసు."

తర్వాతి మడతకి, "నీ వయసే కదా నాదీ. నేను తూలట్లేదే?"

ఒక పొద్దున స్నానాలగది గుమ్మంలో ఆవిడ పడిపోయింది. అధ్యక్షుడుగారికి నడకకి వేళవుతోంది. తువ్వాలు లోపలుంది. ఆయన ఆవిడ మీంచి దాటి వెళ్ళి తువ్వాలు తెచ్చుకుని, మళ్ళీ దాటి బయటికొచ్చి, "నాలాగా వ్యాయామం చెయ్యమంటే విన్నావా?" అని, బూట్లలో కాళ్ళు దూర్చాడు. ఆయన దాటినప్పుడు కింద నుంచి ఆవిడకి ఆ వంకర గోరు ముఖానికి జానెడు దూరంలో కనపడింది.

ఇక్కడ ఒక మాట చెప్పేయాలి. నాకు చెవుడు. గిన్నెల చప్పుడు కాదు కదా, ఆ పడ్డ చప్పుడు కూడా నాకు వినపడలేదు. ఆవిడ కుంటుతూ వెళ్తుంటే కొత్త చెప్పులు కరిచాయేమో అనుకున్నాను. ఈ కథ మైకు మా ఆవిడకి చెబితే, మా ఆవిడ నా చెవిలో అరిచి చెప్పింది. మనసులు చదవడంలో అదీ నా సంగతి.

ఉద్యోగం వదిలేముందు అందరికీ ఆసుపత్రిలో ఒంటి పరీక్ష చేస్తారు. చిన్న వయసు డాక్టరమ్మ బీపీ చూసి, నమ్మకం కుదరక మళ్ళీ చూసింది.

"ఏం మాత్రలు వేసుకుంటున్నారు పెద్దమ్మా?"

"మావారివండీ."

"మీవారివా?"

"ఆయనకి మార్చినప్పుడు మిగిలినవి. మోకాలి నొప్పికి."

ఆవిడ సంచిలోంచి తీసిన పట్టీని డాక్టరమ్మ అటూ ఇటూ తిప్పింది. "ఇవి బీపీ తగ్గించేవి. మీకు అసలు బీపీయే లేదు. కళ్ళు తిరిగేది ఇందుకే. ఈసారి పడితే తుంటి విరుగుతుంది, అప్పుడు మంచం మీదే. మోకాలికి వేరే వైద్యం ఉంది, వ్యాయామం ఉంది. ఖర్చవుతుంది, కానీ నడుస్తారు. డబ్బు చూసుకోగలరా?"

ఆవిడ నోరు చేదెక్కింది. ఈ నోరు ఎన్ని మింగిందో ఒక్కసారిగా గుర్తొచ్చి, తన నోరంటే తనకే రోత పుట్టింది. తొక్కలు, అడుగంటినవి, విరిగినవి, ఒకరి రోగానికి చేసిన మందులు, "నాలాగా" అనే మాట. ఇంతకాలం తను ఇల్లాల్ననుకుంది. ఆ ఇంట్లో చెత్తబుట్టకైనా రోజుకోసారి ఖాళీ అయ్యే భాగ్యముంది. వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్ళి పుక్కిలించి ఉమ్మింది. మళ్ళీ పుక్కిలించింది.

చేతికొచ్చే డబ్బుందిగా, ఉద్యోగం వదిలేటప్పుడు లాండ్రీ వాళ్ళు ఒకేసారి ఇచ్చేది. ఆవిడ ముసలితనానికి ఉన్న ఆధారమంతా అదే. దానికి అధ్యక్షుడుగారు ముందే దారి వేసి పెట్టాడు. సెలవు రోజున పెన్షన్ల ఏజెంటుని ఇంటికి పిలిచాడు.

"మొత్తం కడితే బతికినంతకాలం నెలనెలా వస్తుందమ్మా. సారు వయసు పెద్దది కాబట్టి, సారు పేరు మీదైతే నెలకి కాస్త ఎక్కువ వస్తుంది" అన్నాడు ఏజెంటు.

"ఆయన పోతే?"

"ఆగిపోతుందమ్మా. ఇద్దరి పేర్ల మీదా ఉంటుంది, కాకపోతే అందులో తగ్గుతుంది."

"తగ్గేదెందుకు? నా పేరు మీదే రాయి" అన్నాడు అధ్యక్షుడుగారు. ఆయనకి తన కంపెనీ పెన్షన్ ఉండనే ఉంది. అదీ ఆయనతోనే ఆగేదే.

"మరి మీ తర్వాత నేనెలా బతకాలి?" అంది ఆవిడ.

ఆయన ప్రేమగానే నవ్వాడు. "నేను పోయాక నీకేం ఖర్చుంటుందే పిచ్చిదానా? నువ్వు తినేదెంత? మిగిలిందేదో తినేదానివి."

ఏజెంటు కూడా మర్యాదకి నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఆయన పళ్ళ సందున ఇరుక్కున్న బాదంపలుకు చూసింది. ఆ పలుకు మీద తొక్క లేకుండా తనే ఒలిచింది.

"బాబూ, ఇది నా పేరు మీద రాయి. నేను బతికినంతకాలం నాకు రావాలి. కాస్త తీసి పక్కన ఉంచు, మోకాలి వైద్యానికి" అంది.

"నెలకి తక్కువొస్తుందమ్మా."

"ఎక్కువకాలం వస్తుంది. నేను చాలాకాలం బతుకుతాను."

అధ్యక్షుడుగారు భార్య వంక చూశాడు. సిగ్గుతో తల వంచుకున్నాడు.

ఇంతవరకూ మైకు చెప్పిందే రాశాను, రెండు ముక్కలు తప్ప. ఊపిరికి దుప్పట్లు ఆరడం కోతలేనని మీకు వేరే చెప్పక్కర్లేదు. సిగ్గుతో తల వంచుకున్నాడన్నానే, అది నా కల్పన. మగవాణ్ణి కదా, మనవాడికి ఆ పాటి మర్యాద దక్కనిద్దామనిపించింది. ఆయన తల వంచలేదు. కాళ్ళు చాపుకుని టీ అడిగాడు. ఆవిడ తలెత్తకుండా సంతకం పెడుతూ, "పొడి పై అరలో ఉంది. పెట్టుకుని, ఈ బాబుకి కూడా ఒక కప్పు ఇవ్వండి" అంది.