అందరికీ నూటపది బై డెబ్బై

ఏడో నెల నిండాక వనజ కాన్పుకని పుట్టింటికి వచ్చింది. పెళ్లికి ముందు రెండేళ్లు ఆదోనిలో ఒక పత్తి మిల్లు ఆఫీసులో పనిచేసిన పిల్ల. పుట్టిల్లు ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డుకు మూడు కిలోమీటర్లు లోపలున్న పల్లె. మొదటి కాన్పు కాబట్టి ఆమెకు ప్రతిదీ భయమే. బిడ్డ తన్నితే ఎందుకు తన్నిందని భయం, తన్నకపోతే ఎందుకు తన్నలేదని భయం.

ఆ భయాలన్నీ వినడానికి పక్కింట్లో ఉరుకుందమ్మ ఉంది. ఆమెకు ముప్పై ఏళ్లు, మూడో కాన్పు, తొమ్మిదో నెల. ఎదురింట్లో లక్ష్మికి ఏడో నెల. సాయంత్రం పొయ్యి దగ్గర పనులయ్యాక ముగ్గురూ ఉరుకుందమ్మ ఇంటి అరుగు మీద కూర్చునేవాళ్లు. ఎడమ పక్కకు తిరిగి పడుకోమని, మోకాళ్ల మధ్య పాత బొంత మడిచి పెట్టుకోమని ఉరుకుందమ్మే నేర్పింది. పిక్క పట్టేస్తే కాలి బొటనవేలిని వెనక్కి లాగాలని, ఒక్కసారే కడుపు నిండా తినకుండా నాలుగుసార్లు కొంచెం కొంచెం తింటే గుండెల్లో మంట ఉండదని చెప్పింది. తన రెండో కాన్పు ఆదోని చేరకముందే ఆటోలో అయిపోయిన సంగతి ఆమె నవ్వుతూ చెప్పేది. వనజకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. బిడ్డ బొడ్డు కోసేదాకా ఆటో అతను ఎండలో, మొహం అటు తిప్పుకుని నిలబడ్డాడట. రోడ్డు మీద కనే గతి మనిషికి ఎందుకు రావాలి అనిపించేది ఆమెకు.

పది రోజులుగా ఉరుకుందమ్మ నవ్వు తగ్గింది. తల పగిలిపోతున్నట్టు నొప్పి. పాదాలు ఉబ్బి, కాలి మెట్టెలు వేళ్లలోకి దిగిపోతే సబ్బు నీళ్లు పోసి తీయాల్సి వచ్చింది. పోయిన నెలలోనే పాదాలకు వాపు మొదలైందని ఆసుపత్రిలో చెబితే, నెలలు నిండేటప్పుడు అందరికీ అంతేనని, ఉప్పు తగ్గించమని అన్నారు. ఆమె ఉప్పు తగ్గించింది. తగ్గించడానికి ఆమె చేతిలో ఉన్నది అదొక్కటే. పత్తి తీతకు మాత్రం మొన్న మొన్నటిదాకా పోతూనే ఉంది.

ప్రతి నెలా తొమ్మిదో తారీఖు గర్భిణులను చూసే రోజు. నవంబరు తొమ్మిదిన ముగ్గురూ కలిసి ఆటోలో రోడ్డు పక్కనున్న ఆసుపత్రికి వెళ్లారు. రేకుల షెడ్డు కింద రెండు బెంచీలు ఉన్నాయి. వచ్చిన ఆడవాళ్లు ముప్పై మంది దాకా ఉన్నారు. తొమ్మిది నెలల కడుపుతో నేల మీద కూర్చున్న మనిషి మళ్లీ లేవడానికి ఎన్ని పాట్లు పడాలో ఆ బెంచీలు కొన్నవాళ్లకు తెలియదు. తలుపు దగ్గరే అందరి కార్డులూ తీసుకుని లోపలికి పట్టుకుపోయారు. రెండు గంటలు గడిచాయి. డాక్టరు మీటింగుకు కర్నూలు పోయాడని ఎవరో చెప్పారు. తర్వాత సిస్టరమ్మ బయటికి వచ్చి, పేర్లు పిలిచి, ఒక్కొక్కరికి కార్డూ రక్తం మాత్రల అట్టా ఇచ్చి ఇక పోవచ్చు అంది.

ఉరుకుందమ్మకు చదువు రాదు. కార్డు వనజ చేతిలో పెట్టింది.

"నా తలనొప్పి గురించి ఏమన్నా రాసినారేమో సూడు వనజా."

వనజ చూసింది. ఆ రోజు తారీఖు వేసి ఉంది. బరువు యాభై నాలుగు. బీపీ నూటపది బై డెబ్బై. తలనొప్పి మాట ఎక్కడా లేదు. కార్డు తిరిగి ఇవ్వబోయి ఆగిపోయింది. ఉరుకుందమ్మ పొద్దుటి నుంచి తన పక్కనే కూర్చుని ఉంది. షెడ్డు దాటి లోపలికి పోనే లేదు. ఎవరూ ఆమె చేతికి పట్టీ చుట్టలేదు, బరువు కాటా ఎక్కించలేదు.

తన కార్డు తెరిచింది. అదే తారీఖు, నూటపది బై డెబ్బై. లక్ష్మి కార్డులోనూ నూటపది బై డెబ్బై. దాన్నే వెనక్కి తిప్పితే అక్టోబరులో అదే, సెప్టెంబరులో అదే. మిల్లులో ఉన్నప్పుడు వనజ వందలాది కాటా చీటీలు చూసింది. ఏ రెండు బోరే సంచుల పత్తీ ఒకే బరువు తూగదు. చీటీల మీద వరసగా ఒకే అంకె వస్తే, తూచకుండా రాశారని చూడగానే తెలిసిపోతుంది.

పక్కనున్న ఆడవాళ్లను కార్డులు చూపించమని అడిగింది. పదకొండు కార్డులు చేతికి వచ్చాయి. పదకొండింటిలోనూ ఒకటే బీపీ. సన్నగా పుల్లలా ఉన్న పిల్లకీ అదే, నలభై దగ్గర పడిన మనిషికీ అదే.

వనజ ఆ సంగతి చెప్పగానే షెడ్డు కింద మాటలు మొదలయ్యాయి. బిడ్డ గుండె చప్పుడు తనకు ఒక్కసారి కూడా చూడలేదని ఒకామె అంది. నీరు కారుతోందని చెబితే, ఏ బాధా లేదని రాశారని ఇంకొకామె చెప్పింది. అది ఆమె మరిది చదివితే తెలిసిందట. రక్తం ఎంతుందో చూడమంటే మందు లేదని మూడు నెలలుగా తిప్పుతున్నారని మరొకామె. ప్రతి ఒక్కరూ ఇది తమ ఒక్కరికే జరిగిందనుకున్నారు. అడిగితే కసురుతారని నోరు మూసుకున్నారు. అరుగు మీద పిక్కలు పట్టడం గురించీ, నిద్ర పట్టకపోవడం గురించీ ఇన్ని మాట్లాడుకున్న తామే ఈ కార్డులు పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదే అని వనజకు తన మీద తనకే కోపం వచ్చింది.

లోపలికి వెళ్లి సిస్టరమ్మను అడిగింది. నలభై ఐదేళ్ల మనిషి. ఆమె ముందు రిజిస్టర్లు దొంతరగా పేర్చి ఉన్నాయి. ముందు విసుక్కుంది. తర్వాత దాచకుండానే చెప్పింది. బీపీ మిషను చెడిపోయింది, శ్రావణంలో ఉరుకుంద జాతర అప్పటి నుంచి లేదు, కొత్తది కావాలని పైకి మూడుసార్లు రాసి పంపింది, రాలేదు.

"లేకుంటే లేదని రాయాల గదా మేడమ్. నూటపది అని ఎందుకు రాసినారు?"

"ఖాళీ పెడితే ఫోన్లో యాప్ తీసుకోదు. మీటింగులో నన్ను అందరి ముందర నిలబెట్టి తిడతారు. అవన్నీ నీకు తెలీవులే, పో."

ఆమె ఇబ్బంది వనజకు అర్థమైంది. అయినా కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఒక మనిషి తిట్లు తినకుండా ఉండటానికి ముప్పై మంది ఒంట్లో ఏముందో చూడకుండానే రాసేస్తారా. మిషను అడిగితే పంపనివాళ్లు, అంకె లేకపోతే మాత్రం తిడతారు. వాళ్లకు కావలసింది అంకె, మనిషి కాదు.

ఇంకేదో అనబోతుండగా లక్ష్మి వచ్చి చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. ఉరుకుందమ్మ షెడ్డు గుంజ పట్టుకుని వాంతి చేసుకుంటోంది. కళ్ల ముందు మబ్బు కమ్మినట్టు ఉందని, ఎదుట ఉన్న మనిషి సగమే కనిపిస్తోందని అంది.

రోడ్డుకు అవతల ఆంజనేయులు అనే ఆరెంపీ డాక్టరు గది ఉంది. జ్వరాలకు మాత్రలు, సూదులు ఇస్తుంటాడు. అతని దగ్గర బీపీ మిషను ఉంది. ఉరుకుందమ్మను చెరో పక్క పట్టుకుని రోడ్డు దాటించారు. వాళ్ల వెనకే మిగిలిన ఆడవాళ్లూ నడిచారు. నిండు కడుపులతో అంతమంది ఒకేసారి రోడ్డుకు అడ్డం వస్తే పత్తి లారీ ఒకటి హారను కూడా కొట్టకుండా ఆగింది.

ఆంజనేయులు ఒకసారి చూసి, నమ్మకం కలగక రెండో చేతికి కట్టి మళ్లీ చూశాడు. నూటడెబ్బై బై నూటపద్నాలుగు. ఉరుకుందమ్మకు వినపడకుండా వనజతో నెమ్మదిగా చెప్పాడు.

"ఇది నా చేతిలోది కాదమ్మా. ఇప్పుడే ఆదోనికి పోవాల. ఫిట్సు వచ్చిందంటే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం."

వనజ పరిగెత్తలేదు, పరిగెత్తే ఒళ్లు కాదు. ఎంత వేగంగా నడవగలదో అంత వేగంగా వచ్చి సిస్టరమ్మకు చెప్పింది. ఆమె వెంటనే 108కు ఫోన్ చేసింది, ఆ మాట నిజం. తర్వాత ఆదోని ఆసుపత్రికి ఇవ్వాల్సిన చీటీ రాయడానికి కూర్చుంది. వనజ వెనక నిలబడి చూస్తూనే ఉంది. 'ఉదయం బీపీ 110/70' అని మొదటి వరుస రాసింది సిస్టరమ్మ.

ఆ అంకె కొట్టేయమని వనజ అంది. కొట్టేస్తే తన ఉద్యోగం పోతుందని సిస్టరమ్మ ఏడుపు గొంతుతో అంది. ఉరుకుందమ్మను ఆంజనేయులు గదిలో పడుకోబెట్టి, మిగిలిన ఆడవాళ్లతో వెనకే వచ్చిన లక్ష్మి ముందుకొచ్చి తన కార్డు బల్ల మీద పెట్టింది.

"నా దాంట్లో గూడా కొట్టేయండి."

వెనకనే ఇంకో కార్డు, ఇంకో కార్డు. పదకొండు కార్డులూ బల్ల మీదికి వచ్చాయి. ఆడవాళ్లు తలుపు దగ్గర నిలబడి కదల్లేదు. కాసేపటికి సిస్టరమ్మ పెన్ను తీసుకుని ఆ వరుస కొట్టేసింది. దాని కింద 170/114 అని రాసింది. కార్డుల్లో ఆ రోజు వేసిన అంకెలు కూడా ఒక్కొక్కటే కొట్టేసింది.

బండి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఉరుకుందమ్మ వెంట వనజ ఎక్కింది. ఎనిమిది నెలల కడుపుతో నువ్వెందుకని తల్లి ఫోన్లో గొడవ పెట్టింది. కార్డు చదివి చెప్పేవాళ్లు వెంట లేకపోతే ఎట్లా అని వనజ ఫోన్ పెట్టేసింది.

ఆదోనిలో పెద్ద డాక్టరమ్మ ముందు కార్డే అడిగింది. అక్టోబరు, సెప్టెంబరు వరుసలు చూసి, పోయిన నెలదాకా బాగానే ఉందే, ఎప్పటి నుంచి పెరిగింది అంది. ఒక అబద్ధం ఎంత దూరం వస్తుందో వనజకు అప్పుడు తెలిసింది. పల్లెలో రాసిన అంకె ముప్పై కిలోమీటర్ల అవతల, ప్రాణం మీదికి వచ్చిన మనిషి మంచం పక్కన నిలబడి సాక్ష్యం చెబుతోంది.

"అవన్నీ రాసినవి మేడమ్, చూసినవి కావు."

డాక్టరమ్మ కార్డు పక్కన పెట్టింది. సూది సిద్ధం చేయమని నర్సులకు చెప్పింది. సూది వేసేలోపే ఉరుకుందమ్మకు ఒకసారి ఫిట్సు వచ్చింది. ఆ తర్వాత ఆపరేషను చేశారు. ఆడపిల్ల, కిలో ఎనిమిది వందలు. బిడ్డను అద్దాల పెట్టెలో పెట్టారు.

ఉరుకుందమ్మ భర్త ఓబన్న చేను నుంచి నేరుగా వచ్చాడు. చొక్కాకు పత్తి పోగులు అంటుకునే ఉన్నాయి. గోడకు ఆనుకుని కూర్చుని ఒక్కటే మాట అన్నాడు.

"పది దినాల నుంచి సెప్తానే ఉండె గదమ్మా."

తల్లీబిడ్డా బతికారు. పద్నాలుగు రోజుల తర్వాత ఇంటికి వచ్చారు. వచ్చిన వారానికి ఆరోగ్య శాఖ ఆఫీసు జీపు ఒకటి వాళ్ల ఇంటి ముందు ఆగింది. ఒక అధికారి, ఒక గుమాస్తా దిగారు. బిడ్డకు పండ్లు తెచ్చారు, మర్యాదగా మాట్లాడారు. టైపు చేసిన కాగితం తీసి ఇక్కడ వేలిముద్ర వేస్తే చాలన్నారు. ఉరుకుందమ్మ వనజను పిలిపించి చదవమంది.

వనజ పైకి చదివింది. నాకు ప్రతి నెలా క్రమం తప్పకుండా పరీక్షలు చేశారు. బీపీ మామూలుగానే ఉంది. తొమ్మిదో తారీఖున ఉన్నట్టుండి పెరిగింది. సిబ్బంది వెంటనే గుర్తించి ఆదోనికి పంపారు. నాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. చివరి వరుస దాకా చదివి వనజ కాగితం కింద పెట్టింది. రేకుల షెడ్డు కింద వాంతి చేసుకున్న మనిషి ముందే కూర్చుని, ఆ మనిషి చేతే ఈ మాట చెప్పించుకోవడానికి ఎంత ధైర్యం అనుకుంది.

ఉరుకుందమ్మ బిడ్డకు పాలిస్తూ చివరిదాకా విన్నది.

"సార్, నా చెయ్యి ఎవురూ ముట్టుకోల్యా. అట్లని రాయండి, ఏలిముద్ర ఏస్తా."

అధికారి నచ్చజెప్పాడు. అలా రాస్తే పాపం సిస్టరమ్మకు నష్టమని, ఆమె కూడా పిల్లలు గల మనిషని అన్నాడు.

"ఆయమ్మ మిషను కావాలని మూడు తూర్లు అడిగిందంట. ఇయ్యనోళ్లు ఎవురో వాళ్ల పేరు గూడా రాయండి. అప్పుడు రెండు ఏలిముద్రలు ఏస్తా."

అధికారి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పండ్లు మాత్రం అక్కడే వదిలి వెళ్లిపోయారు.

మరుసటి రోజు ఆడవాళ్లే ఒక అర్జీ రాసుకున్నారు. రాత వనజది, మాటలు అందరివీ. పదకొండు కార్డుల ఫోటోలూ జత చేశారు. సంతకాలూ వేలిముద్రలూ కలిపి తొమ్మిదే వచ్చాయి. ఇద్దరి ఇళ్లలో ఒప్పుకోలేదు. ఎమ్మిగనూరు పోస్టాఫీసులో రిజిస్టరు చేసి పై అధికారులకు పంపారు.

డిసెంబరులో ఆసుపత్రికి కొత్త మిషను వచ్చింది. సిస్టరమ్మను పత్తికొండ అవతల ఎక్కడికో బదిలీ చేశారు. అర్జీకి జవాబు రాలేదు. నెలల తరబడి మిషను పంపనివాళ్లు ఎవరో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అందరికంటే కింద ఉన్న ఒక్క మనిషిని కదిలించి, పని అయిపోయిందని చేతులు దులుపుకున్నారు.

నెల చివర్లో వనజకు ఆదోనిలో కొడుకు పుట్టాడు. బాలింత ఒళ్లు, ఎక్కువసేపు కూర్చోకూడదని తల్లి అంటూనే ఉంది. వనజ వినలేదు. ఊరికి రాగానే గోడకు దిండు ఆనించుకుని, తొడ మీద అట్ట పెట్టుకుని, ఇన్ని నెలలు మిషను పంపనివాళ్లు ఎవరో చెప్పమని రెండో అర్జీ రాసింది. లక్ష్మి దాన్ని తన కార్డులో పెట్టుకుని తొమ్మిదో తారీఖున ఆసుపత్రి షెడ్డు కిందికి తీసుకుపోయింది. సాయంత్రం తిరిగి తెచ్చేసరికి దాని కింద ఇరవై ఆరు పేర్లు ఉన్నాయి.